ఆరు గంటల నలభై నిమిషాలు

పోయిన వారం కథలో మడతలక్కని విమాన టిక్కెట్లమ్మే కార్యాలయంలో గాజు పలక ముందు నిలబెట్టి వచ్చాం. ఆమె చంకలో బిస్కెట్ల డబ్బా ఉంది. డబ్బా నిండా ఆమె భర్త ఇరవై ఏళ్ళుగా దాచుకున్న విమానం చీటీల తుంపులు. ఆయన దూరదేశంలో గొట్టాలు అతికే వెల్డరు. సెలవుకి ఇంటికొస్తుంటే దారిలో బస్సు బోల్తా పడి పోయాడు. ఎనిమిది నెలలైంది. మడతలక్కకి యాభై రెండేళ్ళు. రెండేళ్ళుగా సాయంత్రం బడిలో అక్షరాలు దిద్దుతోంది. మొదటి ఉత్తరం తన చేత్తో రాసి ఆయన చేతికే ఇవ్వాలని ఎవరికీ చెప్పకుండా నేర్చుకుంది. ఉత్తరం సగంలో ఉండగా ఆయన పోయాడు. చివరికి ఆమె కూడబలుక్కుని చదివిన మొదటి కాగితాలు ఈ తుంపులే అయ్యాయి. చదివిన కొద్దీ ఒక లెక్క కుదరలేదు. అది అడగడానికే ఇక్కడికి వచ్చింది.

గాజు వెనక కళ్ళజోడు గుమాస్తా తలెత్తి చూశాడు.

"ఎక్కడికమ్మా ప్రయాణం?"

"నేనెక్కడికీ వెళ్ళను బాబూ. ఈ తుంపుమీదున్న ఊరి విమానాశ్రయానికీ మన విమానాశ్రయానికీ ఎంత దూరమో చెప్పండి. ఎంతసేపు పడుతుందో చెప్పండి. అంతే."

ఆయన మీటలు నొక్కాడు. "నాలుగు వేల ఎనిమిది వందల డెబ్బై కిలోమీటర్లు. ఆరు గంటల నలభై నిమిషాలు."

"దీనిమీద ఉదయం ఐదింటికి ఎక్కి మధ్యాహ్నం మూడూ పదికి దిగినట్టుంది. అంటే పది గంటల పది నిమిషాలు."

"అది వేరమ్మా. అక్కడి టైము వేరు, ఇక్కడి టైము వేరు. ఎలా చెప్పాలంటే..." అని ఆయన భూమి గుండ్రమని చూపించడానికి నారింజపండు కోసం వెతుకుతున్నవాడిలా బల్లమీద అటూ ఇటూ చూశాడు.

"చెప్పక్కర్లేదు. మూడున్నర గంటలు వెనక. ఆ ఊరి గడియారం మా వంటింట్లో ఇరవై ఏళ్ళు నడిచింది. పది గంటల పది నిమిషాల్లో మూడున్నర గంటలు తీసేస్తే మీరు చెప్పిందే వస్తుంది."

గుమాస్తా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "బాగా లెక్క కట్టారే! నా దగ్గరికి చదువుకున్నవాళ్ళు వచ్చి కొట్లాడతారు, ఆ మూడున్నర గంటలూ మీరే తినేశారని."

మడతలక్కకి నవ్వు రాలేదు. "మధ్యలో ఎక్కడైనా దిగి, ఒక రాత్రి ఉండి, ఇంకో విమానం ఎక్కాలా?"

"మధ్యలో దిగడానికి ఏముందమ్మా, సముద్రం."

"పదకొండేళ్ళ కిందట మార్చారటగా."

ఆయన తుంపులన్నీ తీసుకుని పేకముక్కల్లా బల్లమీద పరిచాడు. ఇరవై తుంపులు. వేలు పెట్టి ఒక్కోదాని మూల చూపించాడు. "ఇదీ విమానం నంబరు. ఇదిగో, ఇక్కడా అదే. ఇది చాలా పాతది, దీనిమీదా అదే. ఏదీ మారలేదమ్మా. ఒకే విమానం, ఒకటే వేళ. మూడూ పదికి దిగితే బస్సులో ఐదు గంటలు వేసుకోండి, రాత్రి భోజనం వేళకి ఎవరైనా ఇంటికొచ్చేస్తారు."

నిజమే. మొదట్లో ఆమె భర్త అలాగే వచ్చేవాడు. వడ్డించిన అన్నం చల్లారకముందే గుమ్మంలో సంచీ దించేవాడు. తర్వాత పదకొండేళ్ళూ మాత్రం మర్నాడు దీపాలు పెట్టే వేళకి వచ్చాడు. "విమానాలు మార్చేశారు, మధ్యలో ఒక రాత్రి కూర్చోబెడుతున్నారు" అన్నాడు. పాపం అనుకుని ఆమె కాళ్ళకి వేడినీళ్ళు పెట్టేది.

ఒక రాత్రీ, దాని వెనక ఒక పగలూ. పదకొండు సార్లు. అవి ఎటు పోయాయి?

తుంపులు డబ్బాలో సర్దుకుంటుంటే ఆమెకి వంటింటి గోడమీది గడియారం గుర్తొచ్చింది. ఆ ఇంట్లో రెండు గడియారాలుండేవి. ముందుగదిలో ఉన్నది మన టైము, వంటింట్లో ఉన్నది ఆయన టైము. ఆయన పనిచేసే చోట ఫోను అందదు. విమానాశ్రయం ఉన్న ఊరికి వస్తేనే మాట వినిపించేది. "ఎక్కుతున్నానే" అని ఒక్క మాట చెప్పి పెట్టేసేవాడు. అది వినగానే ఆమె స్టూలెక్కి వంటింటి గడియారంలోంచి బ్యాటరీ తీసేసేది. గాల్లో ఉన్న మనిషిది ఏ ఊరి టైమూ కాదని ఆమె లెక్క. ఆయన గుమ్మంలో అడుగుపెట్టాక ఆయన చేతే మళ్ళీ వేయించేది. "నేను లేకపోతే నీకు గడియారం కూడా నడవదు" అని ఆయన ఎగతాళి చేసేవాడు.

ఆగిన గడియారం ముందు కూర్చున్న మనిషి గంటలెలా లెక్కపెడుతుంది? ఆయన అబద్ధానికి ఆమె చేతులే తోడుపడ్డాయి. చివరిసారి తీసిన బ్యాటరీ ఇప్పటికీ పప్పుడబ్బా మూతమీదే ఉంది.

* * *

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో మడతపెట్టే పని ఇద్దరిది. ఒక్కరి వల్ల కాదు. రోలరు మిషను కిందనుంచి దుప్పటి అప్పడంలా వేడిగా జారుతుంది. చెరో రెండు మూలలూ పట్టుకుని వెనక్కి నడవాలి. గట్టిగా ఒక్క విదుపు విదిపి, నిలువునా రెండు మడతలు వేసి, ఎదురెదురుగా నడిచి కలుసుకోవాలి. ఒకరు మూలలు అందిస్తే ఇంకొకరు అందుకుంటారు. ఖాళీ చేతులవాళ్ళు కింద వేలాడే మడత పట్టుకుని మళ్ళీ వెనక్కి నడుస్తారు. నాలుగడుగులు దూరం, నాలుగడుగులు దగ్గర. మడతలక్కా ఆమె ఆడపడుచూ పద్నాలుగేళ్ళుగా రోజంతా అలా దూరమవుతూ దగ్గరవుతూనే ఉన్నారు. వాళ్ళ చేతుల్లోంచి ఒక్క మూల జారగా ఎవరూ చూడలేదు. మడతలక్క అన్న పేరు అలా వచ్చిందే.

ఆ మధ్యాహ్నం ఆమె నేరుగా టిక్కెట్ల కార్యాలయం నుంచే పనికి వచ్చింది. డబ్బాని బల్లకింద పెట్టి మూలలందుకుంది. ఇరవై దుప్పట్లు అయ్యేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

కట్టలు లెక్కపెట్టే పిన్ని అటూ ఇటూ చూసి బుగ్గన వేలు పెట్టుకుంది. "ఏమర్రా, వదినా ఆడపడుచులు ఇంత నోరు మూసుకుని పనిచేస్తుంటే నాకు భయంగా ఉంది. ఇవాళ వాన పడితే దుప్పట్లు ఆరవు."

"నాకు మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి పిన్నీ, అంతే," అంది ఆడపడుచు.

"ఎనిమిది నెలల్నించి ప్రతి ఆదివారం తెల్లారకుండా బస్సెక్కి పోయి మందు తెచ్చుకుంటున్నావు. అది తినే మందో పూసే మందో గానీ మోకాళ్ళు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ వైద్యుడిని మార్చవే తల్లీ!" అని నవ్వుకుంటూ పిన్ని కట్టల బండి తోసుకుని వెళ్ళింది. ఇంకో పావుగంట దాకా రాదు.

రోలరులోంచి కొత్త దుప్పటి జారింది. ఇద్దరూ చెరోవైపూ పట్టుకుని వెనక్కి నడిచారు.

"మీ అన్నయ్య ఎక్కే విమానం ఎంతసేపట్లో వస్తుందో నీకు తెలుసా?"

"రెండు విమానాలు కదా వదినా. మధ్యలో ఒక రాత్రి..."

"ఒకటే విమానం. ఆరు గంటల నలభై నిమిషాలు. పొద్దున్న కనుక్కునే వచ్చాను."

ఆడపడుచు వేళ్ళలోంచి దుప్పటి మూల జారింది. తెల్లటి గుడ్డ తడినేల మీద పడింది. ఇద్దరూ దానివంక చూశారు. ఎవరూ వంగలేదు.

"పదకొండేళ్ళు," అంది మడతలక్క. "ప్రతిసారీ ఒక రాత్రి దాచాడు. నాకు తెలీకుండా ఇంకో గడప ఉందా ఆయనకి?"

"ఛ, ఛ! ఏం మాటలు వదినా అవి! నీతో మాట్లాడటానికే మా అన్నయ్యకి నోరు పెగిలేది కాదు. ఇంకో ఆడదానితో ఏం మాట్లాడతాడు? పెళ్ళిచూపుల్లో నిన్ను చూడకుండా, మీ నాన్న చెప్పులే చూసొచ్చిన మనిషాయన!"

ఇంకో రోజైతే ఆ మాటకి ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు.

"మరి ఆ రాత్రుళ్ళు ఎక్కడ పడుకున్నాడు? నువ్వు ఆయన తోడబుట్టినదానివి. నా కళ్ళలోకి చూసి చెప్పు."

ఆడపడుచు చూడలేదు. వంగి దుప్పటి తీసి, మాసినవైపు లోపలికి చుట్టి గుండెలకి హత్తుకుంది. "ఇంట్లో ఎవరి పేరు ఎత్తొద్దన్నావో వాళ్ళింట్లో."

మిషను తిరుగుతూనే ఉంది. మడతలక్క బల్ల అంచు పట్టుకుంది.

ఆ పేరు ఎత్తొద్దని ఆమె చెప్పి పదకొండేళ్ళయింది. ఆ పేరు ఆమె ఒక్కగానొక్క కూతురిది. అప్పట్లో తండ్రి రాసే ఉత్తరాలు కూతురే చదివి వినిపించేది. తల్లి చెప్పిన జవాబు కూతురే రాసేది. ఒకసారి ఆయన, "ఒంట్లో ఓపిక లేదు. ఇక వచ్చేసి అక్కడే ఏదో పని చూసుకుంటాను. నువ్వేమంటావు?" అని రాశాడు. "రెక్కలు కట్టుకుని వచ్చెయ్యమని రాయవే" అంది తల్లి. కూతురు అప్పుడే నర్సుల శిక్షణలో చేరింది. తండ్రి వచ్చేస్తే చదువు ఆగిపోతుందని భయపడింది. కాగితం మీద, "ఇంకో రెండేళ్ళు అక్కడే ఉండండి. ఇప్పుడే రావద్దు" అని రాసి, కింద తల్లి చేత వేలిముద్ర వేయించింది.

మరుసటేడు సెలవుకొచ్చిన ఆయన అన్నం ముందు కూర్చుని, "నువ్వే రావద్దన్నావుగా" అన్నాడు నెమ్మదిగా. అప్పుడు బయటపడింది. ఆయన కూతుర్ని ఒక్క మాట అనలేదు. తల్లి మాత్రం, "నా వేలు పట్టుకుని నా మొగుణ్ణి రావద్దని రాయించావు. ఈ ఇంటి గడప తొక్కకు" అంది. కూతురు తన పెట్టె తీసుకుని శిక్షణ కళాశాల ఉన్న ఊరికి వెళ్ళిపోయింది. అక్కడే చదివి, అక్కడే ఉద్యోగంలో చేరింది.

"ఆ ఊరు విమానాశ్రయానికి రెండు గంటల దూరం వదినా. మన ఊరికి ఇంకో వైపు. అన్నయ్య దిగగానే ముందు అక్కడికి వెళ్ళేవాడు. రాత్రి కూతురి దగ్గర ఉండి, మర్నాడు బయలుదేరి నీ దగ్గరికి వచ్చేవాడు. నీకు చెప్తే నువ్వు గొడవ చేస్తావని కాదు. 'చెప్తే అది బాధపడుతుందే, మాట వెనక్కి తీసుకోలేక లోపల్లోపల నలుగుతుంది, మొండిమనిషి' అనేవాడు."

మడతలక్క బల్ల అంచు వదిలింది. "అంత ప్రేమగల తండ్రి పోతే అది కడసారి చూపుకి రాలేదే! నేను రావద్దన్నది బతికున్నవాళ్ళ దగ్గరికి. శవాన్ని చూడొద్దన్నానా? గుమ్మం వంకే చూస్తూ కూర్చున్నాను ఆ రోజు. రాతిగుండె దానిది."

ఈ మాట ఆమె ఎనిమిది నెలలుగా చాలాసార్లు అంది. అన్న ప్రతిసారీ ఆడపడుచు తలదించుకుని పనిలో పడిపోయేది. ఇప్పుడూ తలదించుకుంది. కానీ చేతిలో పని లేదు.

ఆ తలదించుకున్న తీరు చూసి మడతలక్కకి ఇంకో లెక్క తట్టింది. మెల్లగా, ఒక్కో అంకె మీద వేలు పెట్టినట్టు మాట్లాడింది.

"మీ అన్నయ్య మూడూ పదికి దిగాడు. బస్సు బోల్తాపడింది మర్నాడు మధ్యాహ్నం. అది విమానాశ్రయం బస్సని నువ్వు చెప్పావు."

ఆడపడుచు చుట్టిన దుప్పటిని బల్ల చివర పెట్టింది.

"అది విమానాశ్రయం బస్సు కాదు. ఆ ఊరి నుంచి వచ్చే బస్సు."

"వదినా, వద్దు."

"నేను ఆ మాట అనకపోయుంటే అది ఇంట్లోనే ఉండేది. అది ఇంట్లో ఉంటే ఆయన ఆ రోడ్డు మీదికే వెళ్ళేవాడు కాదు. అంతేగా?"

"అందుకే చెప్పలేదు!" అని అరిచింది ఆడపడుచు. "సామాన్లు తీసుకోవడానికి నేనూ మా ఆయనా వెళ్ళినప్పుడే అనుకున్నాం. మొగుడు పోయిన దుఃఖం ఎలాగో మోస్తుంది, దీన్ని మోయలేదు అని. ఎనిమిది నెలలు నోటికి కుట్లు వేసుకుని నీకెదురుగా నిలబడ్డాను. నువ్వు చదువు నేర్చుకుంటున్నావని నాకేం తెలుసు? ముందే తెలిస్తే ఆ డబ్బా మా ఇంటికి తీసుకుపోయేదాన్ని."

మడతలక్క ఏడవలేదు. వంగి బల్లకింద డబ్బా తీసింది. అడుగున, తుంపులన్నిటి కింద ఒక గోధుమరంగు కవరు ఉంది. ఆయన జేబులో దొరికినవని ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన కవరు. అందులో ఒక దువ్వెన, తాళంచెవి, నాలుగు మడతల బస్సు చీటీ. ఆ చీటీ కింది సగం మీద ఎండిన మరక ఉంది. మరక కనబడకుండా లోపలికి మడిచి పెట్టింది ఆమే. పై సగం మాత్రం రెండుసార్లు తెరిచింది. ఏదో ఊరి పేరు, ఏదో వేళ అనుకుని చదవకుండానే మూసేసింది. అక్షరాలు రాక కాదు, చేతులు రాక.

ఇప్పుడు బల్లమీద పెట్టి చదివింది. మొదటి వరస ఊరి పేరు. ఆడపడుచు చెప్పిన ఊరే. రెండో వరస తేదీ. మూడో వరస బస్సు బయలుదేరిన వేళ, ఉదయం పదీ ఇరవై.

"నిజమే," అంది. చీటీ మడవబోయింది.

ఆడపడుచు చేయి అడ్డుపెట్టింది.

"కింది వరస కూడా చదువు వదినా."

"అక్కడ మరకే."

"మరక కిందే ఉంది. ఎంతైనా దాచాను, ఇంక నావల్ల కాదు. చదువు."

మడతలక్క చీటీ కింది సగం విప్పింది. చదును చేయడానికి, దుప్పటిని చేసినట్టే, అరచేత్తో మధ్యనుంచి అంచులకి ఒక్కసారి రాసింది. గోధుమరంగు మరకలో అక్షరాలు సన్నగా కనిపించాయి. వేలు పెట్టి కూడబలుక్కుంది.

"పె... పెద్ద... పెద్దలు." వేలు పక్కకి జరిగింది. "రెండు."

మళ్ళీ మొదటినుంచి చదివింది. మళ్ళీ అదే వచ్చింది. పెద్దలు, రెండు.

రోలరు మిషను కింద దుప్పట్లు పోగుపడుతున్నాయి. పట్టుకునేవాళ్ళు లేక ఒకదానిమీద ఒకటి ముడతలు ముడతలుగా జారుతున్నాయి.

"ఆయన పక్కన ఎవరున్నారు?" అంది. ఆ ప్రశ్న నోట్లోంచి వస్తుండగానే జవాబు ఆమెకి తెలిసిపోయింది. పదకొండేళ్ళుగా ఒంటరిగా వచ్చిన మనిషి ఆ రోజు ఒంటరిగా రాలేదు. గడప తొక్కొద్దన్న పిల్లని, ఇంక చాలు పదమ్మా అని, చెయ్యి పట్టుకుని గడప దగ్గరికే తీసుకొస్తున్నాడు. కడసారి చూపుకి రానిది రాతిగుండె అయ్యి కాదు.

గుమ్మం వంక చూస్తూ కూర్చున్న ఆ రోజంతా ఆమె కళ్ళముందు తిరిగింది.

"అది..." అంది. "అది ఇప్పుడు..."

"నీ అంతట నువ్వు అడిగేదాకా చెప్పనని మాటిచ్చాను వదినా. ఒట్టు వేయించుకుంది. 'అమ్మ జాలిపడి కాదు, అడిగి పిలవాలి' అంది. ఇప్పుడు అడుగుతున్నావా?"

పక్క గదిలో పిన్ని బండి చక్రాల చప్పుడు దగ్గరవుతోంది. మడతలక్క బస్సు చీటీని మడవలేదు. మరకవైపు పైకి ఉండేలా బల్లమీద అలాగే ఉంచి, దానిమీద చేయి ఆనించింది.

"అడుగుతున్నాను," అంది.

ఆడపడుచు పని కోటు జేబులోంచి ఫోను తీసింది. మీట నొక్కి, శబ్దం బయటికి వినబడేలా పెట్టి, మడతపెట్టిన దుప్పట్ల దొంతర మీద ఇద్దరి మధ్యా ఉంచింది. ఒకసారి మోగింది. రెండుసార్లు మోగింది. నాలుగోసారికి అవతల ఎవరో ఎత్తారు. కుర్చీ చక్రమేదో నేలమీద కిర్రుమని ఆగిన చప్పుడు, తర్వాత ఊపిరి కూడదీసుకుంటున్న చప్పుడు వినిపించాయి.

"అత్తా, ఇవాళ ఆదివారం కాదుగా," అంది పదకొండేళ్ళుగా ఆ తల్లి వినని గొంతు. ఒక్క క్షణం ఆగి, చాలా మెల్లగా అడిగింది.

"అమ్మ అడిగిందా?"